ఎవరి నుంచి?

మా ఇళ్ల వరసలో నన్నిప్పుడు గొడ్రాలు అనేవాళ్లు లేరు. ఒకప్పుడు ఉండేవాళ్లు. పేరంటానికి పిలిచి, ఒడిబియ్యం పోసే వేళకు నన్ను ఏదో ఒక పని మీద వంటింట్లోకి పంపేవాళ్లు. ఇప్పుడు ఆ మాట పోయి జాలి వచ్చింది. "పాపం, దాని తప్పేమున్నది, మొగడు భివండీ నుంచి తెచ్చి అంటిచ్చిండు" అంటారు. ఈ తీర్పు నేను చెప్పింది కాదు. అది తప్పని కూడా నేనెన్నడూ అనలేదు. ఏళ్ల తరబడి ఆ జాలిలో హాయిగానే బతికాను. ఆ హాయి నాకు ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోవడానికే ఇది రాస్తున్నాను.

మాది కుంభారి. సోలాపూర్ నుంచి అక్కల్‌కోట్ పోయే దారిలో ఉంటుంది. మా తాతలు సిరిసిల్ల వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. ఇక్కడి పద్మశాలి ఇళ్లలో సగం కథలు ఇట్లాంటివే. మగవాళ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, చద్దర్లు, తువ్వాళ్లు నేస్తారు. ఆడవాళ్లు బీడీలు చుడతారు. బీడీ కార్మికుల నాయకుడు ఆడం మాస్తర్ వెంట ఏళ్ల పాటు మోర్చాలు తిరిగిన బీడీ ఆడవాళ్లకు ఇక్కడ 10,000 ఇళ్లు వచ్చాయి. గోదూతాయి పరుళేకర్ పేరు పెట్టిన ఆ ఇళ్ల కాలనీని, మేం ఘర్కుల్ అనేదాన్ని, 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి అప్పగించారు. ఆ తర్వాత ఇదే ఊరి పొలాల్లో రే నగర్ లేచింది. అక్కడ 15,000 ఇళ్లు 2024 జనవరిలో మరో ప్రధాని చేతుల మీదుగా ఇచ్చారు. ఇళ్లు మగవాళ్ల పేరున కాకుండా బీడీ చేసే ఆడవాళ్ల పేరున ఉంటాయని మేం గొప్పగా చెప్పుకుంటాం. మా ఇల్లు మా అత్తమ్మ పేరున ఉంది. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

పెళ్లయిన కొత్తలోనే నాకు పొత్తికడుపులో సన్నగా నొప్పి మొదలైంది. ముట్టు నొప్పి అనుకున్నాను. ముట్టు ఆగిపోయాక కూడా ఉంది. ఆయనతో పడుకున్నప్పుడు లోపల గుచ్చినట్టయ్యేది. ఒకటి రెండు సార్లు ముట్టు కాని రోజుల్లో ఎర్రగా కనిపించింది. తెల్లబట్ట అవుతోందని అత్తమ్మకు చెబితే, "ఒంట్లె వేడి చేసిందే, బియ్యం కడిగిన నీళ్లల్ల పటికబెల్లం ఏసుకొని తాగు" అన్నది. తాగాను. మెంతులు నానబెట్టి మింగాను. రోజంతా కాళ్లు ముడుచుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, తడి ఆకు కత్తిరించి తంబాకు నింపి దారం చుట్టేవాళ్లం. మాలో నడుం నొప్పి లేనిదెవరు? ఎవరి నొప్పి కూర్చోవడం వల్ల వచ్చిందో, ఎవరిది లోపలి జబ్బో వేరు చేసి చెప్పేవాళ్లు లేరు. ఒక దవాఖానకు పోతే నాకు గోళీలు రాసిచ్చారు. మా ఆయన సంగతి అక్కడెవరూ అడగలేదు. ఆయన్ని వెంట తీసుకురమ్మనీ అనలేదు. కొన్నాళ్లకు నొప్పి తగ్గింది. బతుకుజీవుడా అనుకున్నాను.

కడుపు మాత్రం నిలవలేదు. మార్కండేయుడి రథం ముందు కొబ్బరికాయలు కొట్టాను, తుల్జాపూర్ వెళ్లొచ్చాను. చివరికి ట్యూబుల ఎక్స్‌రే తీయించమన్నారు. కింది నుంచి ఒక మందు ఎక్కించి ఫోటో తీస్తారు. మందు పోతుంటే పళ్లు కరుచుకుని, పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కల్ని చూస్తూ పడుకున్నాను. సాయంత్రం ఇంటికి వచ్చాక మా ఆయన ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. మధ్యలో గర్భసంచి తెల్లగా, ముక్కోణంలా ఉంది. దాని రెండు కొసల నుంచి సన్నని తెల్లని గీతలు బయల్దేరి, కొంతదూరం పోయి ఆగిపోయాయి. బాగున్న ట్యూబైతే మందు చివరిదాకా పోయి కడుపులోకి ఒలికి పొగలా విచ్చుకుంటుందట. మాకు అది లేదు. తువ్వాలులో నేత తప్పు వెతికే మనిషి గదా, ఫిల్మును అట్లనే తిప్పి తిప్పి చూశాడు. "పోగు ఇక్కడిదాంక వచ్చింది, అవుతల తెగిపోయింది" అన్నాడు. ఇంతకన్నా బాగా ఏ డాక్టరూ నాకు చెప్పలేదు.

కారణం వెతకడానికి మరికొన్ని పరీక్షలు చేశారు. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి టీబీ కూడా పెద్ద కారణమట. గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క తీసి చూస్తే టీబీ లేదన్నారు. రక్తంలో మాత్రం క్లామిడియా అనే సూక్ష్మజీవితో ఒకప్పుడు పోరాడిన ఆనవాళ్లు దొరికాయి. ఇప్పుడది ఒంట్లో లేదు. వచ్చింది, పని చేసింది, పోయింది. ఎప్పుడు వచ్చిందని అడిగాను. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపి, దాని మీద తారీఖు వేసి ఉండదమ్మా అన్నది మరాఠీలో. నా ట్యూబులు పాడవడానికి అదే కారణం కావచ్చు, ఖాయంగా అదేనని మాత్రం అనలేను అని కూడా చెప్పింది. ఆ రెండో మాటను నేను ఇంటికి తెచ్చుకోలేదు, దవాఖాన మెట్ల మీదే వదిలేసి వచ్చాను.

ఆ తర్వాత ఈ జబ్బు గురించి చదివి, అడిగి తెలుసుకున్నది నాకు కొంత ఊరటనిచ్చింది, కొంత వణుకు పుట్టించింది. క్లామిడియా బ్యాక్టీరియానే, కానీ మన కణం లోపలికి దూరితే తప్ప పెరగలేదు. కణంలో చేరి, రెండు మూడు రోజుల్లో వందలుగా పెరిగి, కణాన్ని పగలగొట్టుకుని బయటకు వచ్చి పక్క కణాల్లోకి పోతుంది. కలయిక ద్వారా ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. 2020లో ప్రపంచంలో 15 నుంచి 49 ఏళ్ల వాళ్లకు కొత్తగా 12 కోట్ల 85 లక్షల సార్లు సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా కట్టింది. సోకిన ఆడవాళ్లలో నూటికి 70 మందికి, మగవాళ్లలో దాదాపు సగం మందికి ఏమీ తెలియదు. నొప్పి ఉండదు, మంట ఉండదు. చీము కనిపించదు. మందు పడకపోతే నెలల తరబడి ఉంటుంది, కొందరిలో ఏడాది దాటినా ఉంటుంది. అట్లా వదిలేసిన ఆడవాళ్లలో నూటికి 10 నుంచి 15 మందికి అది గర్భసంచి ముఖం దాటి పైకి పాకి, ట్యూబుల్లో వాపు తెస్తుంది.

ట్యూబు లోపల కంటికి కనబడని సన్నని నూగు ఉంటుంది. అండాన్ని మెల్లగా గర్భసంచి వైపు నడిపించేది ఆ నూగే. వాపు వచ్చినప్పుడు అది రాలిపోతుంది, గోడలు మచ్చకట్టి అతుక్కుంటాయి. ఈ దెబ్బలో పెద్దపాలు సూక్ష్మజీవిది కాదట, దాన్ని తరమడానికి మన ఒళ్లు చేసే పోరాటానిదేనట. మళ్లీ మళ్లీ సోకితే మచ్చ మళ్లీ మళ్లీ పడుతుంది. ట్యూబు పూర్తిగా మూసుకుపోతే నాలాగా అవుతుంది. సగం మూసుకుపోతే ఇంకా ప్రమాదం. కడుపు ట్యూబులోనే నిలుస్తుంది, పెరిగి ట్యూబు పగిలితే లోపలే రక్తం కారుతుంది. ముట్టు తప్పిన ఆడమనిషికి ఒకపక్క కడుపునొప్పి వచ్చి, కళ్లు తిరిగి పడిపోతే, తెల్లారేదాకా ఆగవద్దు. గర్భం నిలిచి, జబ్బు కూడా ఉన్నదనుకోండి, కాన్పులో బిడ్డకు అంటుకుని కళ్లు పుసులు కడతాయి, కొందరు పసివాళ్లకు న్యుమోనియా వస్తుంది. ఇన్ని చేసే జబ్బు సకాలంలో పట్టుబడితే, డాక్సీసైక్లిన్ గోళీలు పొద్దునొకటి, రాత్రొకటి చొప్పున ఏడు రోజులు వేసుకుంటే పోతుంది. గర్భిణికి డాక్సీసైక్లిన్ పనికిరాదు, అజిత్రోమైసిన్ ఒక్క మోతాదు ఇస్తారు. మందు ఇద్దరూ వేసుకోవాలి. ఒకరే వేసుకుంటే రెండోవాళ్ల నుంచి మళ్లీ వస్తుంది. నేను ఆనాడు వేసుకున్నది ఏ గోళీలో నాకు తెలియదు. ఒక్కదాన్నే వేసుకున్నానని మాత్రం తెలుసు.

ఇదంతా తర్వాత తెలిసింది. ఆ రోజు ఇంటికి వచ్చాక నేను మందు గురించి, మచ్చ గురించి మాట్లాడలేదు. అడిగింది ఒక్కటే.

"పెండ్లికి ముందు భివండీల ఉన్నవు గదా. అక్కడేమన్న ఉన్నదా?"

మా ఆయన కుర్రతనంలో మరమగ్గాల ఊరు భివండీలో సాంచాలు నడిపాడు. పదిమంది ఒక గదిలో ఉండి, షిఫ్టుల వంతున పడుకునే బతుకు. అబద్ధం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. కాసేపు నేల చూసి, "ఉన్నది. దోస్తులతోని పోయిన" అన్నాడు. ఏడ్చాడు. మా వరసలో ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. తెల్లారేసరికి ఆ మాట వరస చివరికి చేరింది. ఎవరి నోట ఎట్లా పోయిందో నేను అడగలేదు. గొడ్రాలు అన్న మాట ఆ వారంలోనే మా ఇంటి మీంచి లేచిపోయింది.

నన్ను తిరిగి అడగలేదు ఆయన.

అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో ఇప్పటికీ తెలియదు. పెళ్లికి ముందు, మేం ఇంకా సోలాపూర్‌లో పాత ఇంట్లో ఉన్నప్పుడు, నాకు ఇరవై నిండిన ఏడాది, ఒకతను ఉండేవాడు. పేరు రాయను. నా ఇష్టంతోనే అతనితో ఉన్నాను. అతను వేరే ఊరు పోయాడు, నాకు సంబంధం కుదిరింది, అంతే. దాన్ని తప్పు అని రాస్తే చదివేవాళ్లకు సులువుగా ఉంటుంది, కానీ నేనట్లా అనుకోవడం లేదు గనుక రాయలేను. నేను తరచి చూసుకోవలసింది ఆ సంబంధం గురించి కాదు. ఆ సాయంత్రం మా ఆయన ఏడుస్తుంటే నేను మౌనంగా కూర్చున్నాను గదా, దాని గురించి.

ఎందుకంటే ఆ సూక్ష్మజీవి ఆయన నుంచే వచ్చిందని ఏ పరీక్షా చెప్పలేదు. నా నుంచి ఆయనకూ పోయి ఉండవచ్చు. ఆయనకు పరీక్ష చేస్తే ఏమీ లేదని వచ్చింది. దానికీ అర్థం లేదు, ఏనాడో సోకి ఏనాడో పోయి ఉండవచ్చు, అసలు సోకే ఉండకపోవచ్చు. నాకు నొప్పి పెళ్లయ్యాకే మొదలైంది కదా అని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. కానీ ఏ లక్షణమూ లేకుండా నెలలు దాగి ఉండే జబ్బులో నొప్పి మొదలైన రోజును పట్టుకుని లెక్క తేల్చలేం. ఈ సంగతి నాకు అర్థమైన నాటి నుంచి, నేను ఏమీ చేయకుండానే నా చేతిలో ఒక అబద్ధం పెరిగి పెద్దదవుతూ వచ్చింది.

ఎందుకు నోరు విప్పలేదు? భయం, అని చెప్పుకునేదాన్ని. అది అబద్ధం కాదు. మగవాడు భివండీలో దోస్తులతో పోవడాన్ని మా వాడ కుర్రతనం అంటుంది. ఆడదాని విషయంలో అదే పనికి ఉన్న పేరు వేరు. ఇల్లు అత్తమ్మ పేరున ఉంది. బయటికి పొమ్మంటే నాకు పోవడానికి చాట, కత్తెర తప్ప మరేం లేవు. ఇంతవరకు నా లెక్క న్యాయమైనదే. భయపడిన ఆడదాన్ని నేను నిందించను, అది నేనైనా సరే.

కానీ భయమొక్కటే అయితే నేను మౌనంగా ఉండి ఊరుకునేదాన్ని. నేను ఊరుకోలేదు. క్షమించాను. క్షమించిన పెళ్లాంగా ఉండటంలో ఒక పెత్తనం ఉంది, దాని రుచి నాకు తెలిసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ మాట వచ్చినా ఆయనే తగ్గేవాడు. పగార్ తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. అత్తమ్మ నా ముందు గొంతు పెంచడం మానేసింది. పండక్కి ఏ చీర కొనాలో, ఎవరి పెళ్లికి ఎంత చదివించాలో నేనే చెప్పేదాన్ని. ఇవన్నీ ఏ ఆడదానికైనా న్యాయంగా దక్కవలసినవే. నాకు మాత్రం అవి ఆయన నేరం కింద జమయ్యాయి. ఆయన నేరస్తుడుగా ఉన్నంతకాలమే నా మాట చెల్లుతుందని లోలోపల నాకు తెలుసు. అందుకే ఆ నేరం తగ్గిపోకుండా కాపలా కాశాను. ఎప్పుడైనా ఆయన నవ్వుతూ, హుషారుగా, పాత సంగతి మరిచినట్టు కనిపిస్తే, ఎవరింటి పురుడు గురించో నేను మాట ఎత్తేదాన్ని. అనుకుని ఎత్తానా అంటే అనుకునే ఎత్తాను.

ఇంకొకటి. ఆయన తప్పు తేలితే నా కడుపు నిర్దోషి అవుతుంది. గొడ్రాలు అన్న మాట నన్ను ఎంత కాల్చిందంటే, దాన్ని తీసి పక్క మనిషి మీద పెట్టే అవకాశం వస్తే నేను రెండో ఆలోచన చేయలేదు. ఆ మాటే ఉండకూడదని, అది ఎవరి మీదా పడకూడదని అప్పుడు తోచలేదు. వాడ నన్ను నిలబెట్టిన బోనులో ఆయన్ని నిలబెట్టి నేను బయటికి వచ్చాను, బోను అక్కడే ఉంది.

క్లామిడియా గురించి చదివేటప్పుడు నాకు తెలిసిన ఒక సంగతి ఈ బోనును మరోవైపు నుంచి చూపించింది. ఇదే జాతి సూక్ష్మజీవిలో మరో రకం కంటికి సోకి ట్రకోమా అనే జబ్బు తెస్తుంది. అదీ మచ్చ కడుతుంది, అక్కడ మచ్చ కట్టేది కనురెప్ప లోపల. రెప్ప లోపలికి ముడుచుకుని, వెంట్రుకలు గుడ్డును గీరి గీరి, చివరికి చూపు పోతుంది. 1907లో జావాలో హాల్బర్‌స్టేటర్, ప్రొవాజెక్ అనే ఇద్దరు ఈ సూక్ష్మజీవి ఆనవాళ్లు మొదట చూసింది ట్రకోమా కళ్లలోనే. బీజింగ్‌లో టాంగ్ ఫీఫాన్ అనే శాస్త్రవేత్త 1950లలో దాన్ని కోడిగుడ్లలో పెంచి, ఇదే ట్రకోమా తెస్తుందని రుజువు చేయడానికి తన కంట్లోనే వేసుకున్నాడు. మన దేశంలో 1963లో ట్రకోమా మీద జాతీయ కార్యక్రమం మొదలైంది. ఆ జబ్బు చేతుల ద్వారా, ఈగల ద్వారా, ఒకే తువ్వాలుతో నలుగురు ముఖాలు తుడుచుకోవడం ద్వారా పాకుతుంది. తువ్వాళ్లు నేసే మా ఊళ్లో ఈ మాట విన్నవాళ్లకు నవ్వు వస్తుంది. 2024 అక్టోబరులో, ప్రజారోగ్య సమస్యగా ట్రకోమాను భారతదేశం నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఇన్నేళ్లలో కంట్లో మందు వేయించుకున్న మనిషిని ఎవరి తువ్వాలు వాడావు, ఎప్పుడు వాడావు, ఎందుకు వాడావు అని నిలదీసినవాళ్లు ఉంటారా? ఇంటిల్లిపాదికీ మందు వేసి, ముఖం కడుక్కోమని చెప్పి ముందుకు పోయారు. అదే జాతి సూక్ష్మజీవి కింది దారిన వస్తే మాత్రం మందుకన్నా ముందు ముద్దాయి కావాలి మనకు. మనకు అంటున్నాను, ముందు నాకు.

ముద్దాయి కావాలనే ఈ ఆత్రంలో జబ్బు పడ్డ ఆడమనిషి ఏమవుతుందో మహారాష్ట్రే చూపించింది. తెలంగాణ సరిహద్దును ఆనుకున్న గడ్‌చిరోలిలో డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్ష చేసి, ఆ ఫలితాలను 1989లో లాన్సెట్ పత్రికలో అచ్చువేశారు. నూటికి 92 మందికి ఏదో ఒక ఆడజబ్బు ఉంది. అంతకు ముందు ఎన్నడైనా లోపలి పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి 8 మందే. పల్లెటూరి ఆడవాళ్ల ఆరోగ్యమంటే కాన్పు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ తప్ప మరేమీ కాదనుకునే రోజుల్లో వచ్చిన లెక్క అది. బీడ్ సంగతి మాకు ఇంకా దగ్గరిది. చెరకు కొట్టడానికి వలసపోయే ఆడవాళ్లలో వేలమందికి గర్భసంచులు తీసేశారని 2019లో రాష్ట్రం వేసిన కమిటీ తేల్చింది. తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి అని పోయినవాళ్లే వాళ్లలో చాలామంది. గోళీలతో పోయేదో, అసలు జబ్బే కానిదో చూసేవాళ్లు లేక సంచినే తీయించుకున్నారు. నా వయసు ఆడవాళ్లలో మా ఘర్కుల్‌లోనూ ఇట్లా తీయించుకున్నవాళ్లు ఉన్నారు. నొప్పి వచ్చిందని చెప్పుకోవడం కన్నా సంచి తీయించుకున్నానని చెప్పుకోవడం వాళ్లకు పరువుగా ఉంటుంది.

బీడీలు మానేశాక నేను మా వరస పొదుపు సంఘం (బచత్ గట్) లెక్కలు రాస్తున్నాను. డబ్బు కట్టడానికి వచ్చే పడుచు ఆడవాళ్లు కొందరు, మిగతా అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, గుమ్మం పట్టుకుని నిలబడతారు. "అక్కా, ఒకటి అడగాలె" అంటారు. పేరు పెట్టరు, ఒంటి మీంచి తెల్లగా పోతున్నది అంటారు. నేను డాక్టరును కాదు గనుక మొదట వాళ్ల భయం తగ్గించే మాట చెబుతాను. తెల్లబట్ట అయిన ప్రతి ఆడదానికీ మొగడు అంటించిన జబ్బు ఉందని కాదు. గోవాలో 2,000 మందికి పైగా ఆడవాళ్లను పరీక్ష చేసి చూస్తే, కలయిక వల్ల అంటే జబ్బులు ఉన్నవాళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు. పరీక్షల్లో బయటపడ్డ మిగతా జబ్బులు చాలావరకు ఒంట్లో ఉండే సూక్ష్మజీవుల లెక్క తప్పడం వల్ల వచ్చినవే. ఇది చెప్పకుండా క్లామిడియా పేరు చెబితే నేను ఇంకో పది ఇళ్లలో బోను కట్టించినదాన్ని అవుతాను.

తర్వాత రెండో మాట చెబుతాను. పడుకున్నప్పుడు లోపల నొప్పి, ముట్టు కాని రోజుల్లో మరక, జ్వరంతో పాటు పొత్తికడుపు నొప్పి ఉంటే బియ్యం నీళ్లతో ఆగవద్దు. పెద్ద ప్రభుత్వ దవాఖానల్లో సురక్షా క్లినిక్ ఉంటుంది. అక్కడ లక్షణాలు చూసి రంగురంగుల పెట్టెల్లో ఉచితంగా మందులిస్తారు. గర్భసంచి ముఖం దగ్గరి చీముకు బూడిద రంగు పెట్టె, పొత్తికడుపు నొప్పికి పసుపు రంగు పెట్టె. పొత్తికడుపు జబ్బు మందులు 14 రోజులు వేసుకోవాలి, నొప్పి తగ్గిందని మధ్యలో ఆపకూడదు. పెళ్లాం పసుపు పెట్టె తీసుకుంటే మొగడికి బూడిద రంగు పెట్టె ఇవ్వాలని ఆ లెక్కలోనే రాసి ఉంటుంది. అది అడిగి తీసుకోండి. మందు ముగిసేదాకా ఇద్దరూ ఎడంగా ఉండండి. మూడు నెలల తర్వాత మళ్లీ చూపించుకోండి.

ఈ పద్ధతిలో ఒక లోటు ఉంది, అది కూడా దాచను. లక్షణం చూసి మందిచ్చే చోట, లక్షణమే లేనివాళ్లు దొరకరు. క్లామిడియాలో ఎక్కువమంది వాళ్లే. ఇంగ్లండులో 2003లో పాతికేళ్ల లోపు వాళ్లకు ఏ ఇబ్బందీ లేకున్నా పరీక్ష చేసే కార్యక్రమం పెట్టారు. అమెరికాలో ఆ వయసు ఆడవాళ్లకు ఏడాదికోసారి చేయమంటారు. మూత్రంతోనో, ఆడమనిషి తనంతట తాను తీసుకున్న స్వాబ్‌తోనో తేలే పరీక్ష అది. మా కుంభారిలో పెద్ద మెడికల్ కాలేజీ దవాఖాన ఉంది, పట్నంలో సివిల్ దవాఖాన ఉంది. అడిగితే పరీక్ష దొరకడం ఒక సంగతి. అడగాలంటే ముందు నోరు పెగలాలి, అదే కష్టం.

నోరెందుకు పెగలదో నాకు వేరే చెప్పనక్కరలేదు. మొగణ్ని తీసుకురా అనగానే గుమ్మం దగ్గరి పిల్ల ముఖం మాడిపోతుంది. "తీస్కపోతే, నీకెక్కడిదే ఇది అని నన్నే అడుగుతడక్కా" అంటుంది. ఒక్కోసారి, "నేనేం చెయ్యలేదక్కా" అని ఏడుస్తుంది. చేశావా లేదా అని నేను అడగను. చేసినా చేయకున్నా గోళీ ఒకటే, మోతాదు ఒకటే. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు చాలా నిబ్బరంగా ఉంటుంది. వాళ్లు నన్ను నమ్ముతారు. నన్ను నమ్మడానికి ఒక కారణం, మొగడి చేత మోసపోయి కూడా కాపురం నిలబెట్టుకున్న ఆడదాన్నని వాళ్లు అనుకోవడమే. ఆ పేరు మీద నేను చెప్పే మంచి మాట చెల్లుబాటు అవుతోంది. ఇది కూడా ఆ పాత పెత్తనపు కొనసాగింపేనా అని ఈ మధ్య నిద్ర పట్టని రాత్రుల్లో అనిపిస్తోంది. అవుననే తోస్తోంది. అయినా మాట మంచిదే గనుక చెప్పడం మానను.

ఇక ఈ రాత సంగతి. నేను తెలుగు చదివింది అమ్మమ్మగారి ఊళ్లో, ఏడో తరగతిదాకా. మా ఆయన పుట్టి పెరిగింది సోలాపూర్‌లోనే. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, చదువు మొత్తం మరాఠీలో. తెలుగు అక్షరాలు ఆయనకు రావు. ఇది మరాఠీలో రాయడం నాకు చేతకాని పని కాదు. తెలుగులో రాస్తే మనసులో మాట బాగా వస్తుందని మొదట నాకు నేను చెప్పుకున్నాను. సగం రాశాక ఆ మాట నాకే నమ్మబుద్ధి కాలేదు. ఇది తెలియవలసిన ఒకే ఒక్క మనిషి చదవలేని లిపి ఎంచుకుని, తెలియకపోయినా నష్టం లేని వందల మందికి చెబుతున్నాను. ఇట్లా చెప్పుకుంటే చెప్పుకున్నట్టూ ఉంటుంది, ఇంట్లో ఏదీ కదలకుండానూ ఉంటుంది.

ఆయనకు చెబితే ఏమవుతుందో ఊహించి చూస్తాను. కోపం రావచ్చు. ఏమీ అనకపోవచ్చు, అది ఇంకా కష్టం. ఇన్నేళ్లు మోసిన బరువులో సగం నీదేనా అని అడగవచ్చు. సగమో, మొత్తమో, అసలు ఏమీ కాదో నాకు తెలియదు, ఆ డాక్టరమ్మకూ తెలియలేదు. చెప్పవలసింది ఆ లెక్క కాదని ఇప్పుడనిపిస్తోంది. "నువ్వు తెచ్చినవని ఎవ్వరూ తేల్చలేదు. నాకది ముందు నుంచి తెలుసు." ఈ రెండు మాటలే ఆయనకు నేను బాకీ. అతని పేరు, ఆ ఏడాది, ఆ ఇష్టం నావి, అవి చెప్పాలా వద్దా అన్నది నా ఇష్టం. బాకీ మాత్రం నా ఇష్టాయిష్టాలతో పనిలేనిది, అది తీర్చవలసిందే. ఇంకా తీర్చలేదు.

ఈలోపు గుమ్మం దగ్గర నిలబడే పిల్లలకు మాత్రం ఖాయంగా చెప్పగలిగింది ఒకటుంది. పెళ్లైన కొత్తలో నాకు నొప్పి వచ్చిన ఆ నెల, మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఏమీ అడగకుండా, ఇద్దరి చేతుల్లోనూ గోళీలు పెట్టి ఉంటే, నా ట్యూబులు నిలిచి ఉండేవేమో. ఎవరి నుంచి అన్నది అప్పుడూ ఎవరికీ తెలియదు, ఇప్పుడూ తెలియదు. మందు ఇవ్వడానికి అది తెలియవలసిన అవసరం ఆనాడూ లేదు.